జీవితం మారినప్పుడు తిండి సంగతి

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక పాప్‌కార్న్ ప్రయోగం గురించి చెబుతాను. డేవిడ్ నీల్, వెండీ వుడ్, వారి సహచరులు 2011లో ప్రచురించారు. సినిమా హాలుకి వచ్చినవాళ్ళలో కొందరికి అప్పుడే చేసిన పాప్‌కార్న్, మిగతావాళ్ళకి వారం కిందట చేసినది ఇచ్చారు. పాతది మెత్తబడిపోయి ఉంది. బాగా లేదని తిన్నవాళ్ళే చెప్పారు. అయినా సరే, సినిమాకి వస్తే పాప్‌కార్న్ తినడం బాగా అలవాటైనవాళ్ళు తాజాది ఎంత తిన్నారో పాతదీ దాదాపు అంతే తినేశారు. అలాంటివాళ్ళకే ఒక మీటింగ్ గదిలో, తెర మీద మ్యూజిక్ వీడియోలు చూపిస్తూ ఇస్తే మాత్రం పాతదాన్ని ముట్టుకోవడం బాగా తగ్గించారు. ఇంకో తమాషా ఉంది. సినిమా హాల్లోనే కూర్చోబెట్టి, రోజూ తినే చేత్తో కాకుండా రెండో చేత్తో తినమన్నారు. అప్పుడూ పాతది తక్కువే తిన్నారు.

అంటే ఆ హాలు, ఆ కుర్చీ, అలవాటుగా నోటి దాకా వెళ్ళే చెయ్యి, ఇవన్నీ కలిసి వాళ్ళ చేత తినిపించాయి. ఆకలికి, రుచికి అందులో పాత్ర చాలా తక్కువ. మన రోజువారీ తిండిలో ఇలా జరిగేది మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. పొద్దున ఏడున్నరకి తింటున్నామంటే ఎనిమిదింటికి బయలుదేరాలి కాబట్టి తింటున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకి తింటున్నామంటే పక్క సీటు అతను లేచాడు కాబట్టి మనమూ లేస్తున్నాం. రాత్రి ఇంట్లో ఎవరో పిలుస్తారు కాబట్టి వెళ్ళి కూర్చుంటాం.

ఇప్పుడు ఆ ఎనిమిదింటి ప్రయాణం, ఆ పక్క సీటు అతను, ఆ పిలిచే మనిషి ఒక్కసారిగా లేకుండా పోయారనుకోండి. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, ఉద్యోగం పోవడం, బిడ్డ పుట్టడం, పిల్లలు ఇల్లు వదిలి వెళ్ళడం, విడాకులు, రిటైర్మెంట్, ఇంట్లో ఒకరు చనిపోవడం. వీటిలో ఏది జరిగినా ముందు కదిలేది భోజనం వేళే. ఆ సమయంలో పోషకాహార సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "నాకు కంట్రోల్ పోయిందండీ." నేను అలా అనుకోను. ఇన్నాళ్ళూ వాళ్ళ తిండిని పట్టి ఉంచినవి పోయాయి. ఆ స్థానంలోకి ఇంకా ఏదీ రాలేదు.

ఇలా ఖాళీ అయిన చోటు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు, అదీ చిక్కు. కొత్త ఇంట్లో మొదటి వారం వంట సామాన్లు ఇంకా డబ్బాల్లోనే ఉంటాయి, కాబట్టి ఫోన్ తీసి ఏదో ఆర్డర్ పెడతాం. రెండో వారం సామాన్లు సర్దేశాం, కానీ చెయ్యి ఫోన్ వైపే వెళుతుంది. నెల తిరిగేసరికి అదే మన పద్ధతి. ఎవరూ కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదది.

అదే ఖాళీ మనకి పనికొచ్చే అవకాశం కూడా. బాస్ వెర్‌ప్లాంకెన్, డెబోరా రాయ్ 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. 800 మందిని తీసుకున్నారు. అందులో సగం మంది ఈమధ్యే ఇల్లు మారినవాళ్ళు, సగం మంది ఉన్నచోటే ఉన్నవాళ్ళు. రోజువారీ అలవాట్లు మార్చుకోవడానికి ఇద్దరికీ ఒకే రకం సాయం అందించారు. ఇల్లు మారి సుమారు మూడు నెలల లోపు ఉన్నవాళ్ళ మీద అది బాగా పనిచేసింది. ఆ అలవాట్లు తిండివి కావు, పర్యావరణానికి సంబంధించినవి. కాబట్టి తిండికీ అచ్చంగా మూడు నెలలే గడువు అని నేననను. కానీ మార్పు తాజాగా ఉన్నప్పుడు కొత్త అలవాటు తొందరగా కుదురుకుంటుందన్నది మాత్రం నేను రోజూ చూస్తున్న విషయమే.

అందుకని, ఇల్లు మారుతున్నవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట డైట్ గురించి కాదు. సామాన్లలో ముందు విప్పాల్సిన పెట్టె వంటింటిది అని చెబుతాను. ఒక గిన్నె, ఒక పెనం, ఒక కత్తి, రెండు పళ్ళేలు మొదటి రాత్రే బయటికి రావాలి. ఆ తర్వాత ఒక కాగితం మీద, బాగా అలసిపోయిన రోజు కూడా ఇరవై నిమిషాల్లో చేసుకోగలిగే మూడు భోజనాలు రాసుకోమంటాను. గొప్పగా ఉండక్కర్లేదు. ఒక్కోదాంట్లో ఒక ధాన్యం, ఏదో ఒక పప్పో గుడ్డో చేపో, ఒక కూరగాయ ఉంటే చాలు. ఆ మూడింటికి కావలసిన సరుకులు ఇంట్లో ఎప్పుడూ ఉండాలి. రోజూ కొత్తగా ఏం వండాలా అని ఆలోచించే ఓపిక ఆ రోజుల్లో ఉండదు.

ప్యాకెట్ తిండి గురించి ఒక ముక్క. కెవిన్ హాల్ బృందం 2019లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. ఇరవై మందిని అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు మామూలుగా వండిన ఆహారం పెట్టారు. వడ్డించిన రెండు రకాల్లోనూ క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసినది తిన్న రోజుల్లో మనిషి సగటున రోజుకి 500 క్యాలరీలు ఎక్కువ తిన్నాడు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగాడు. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ తిండే ముందు చేతికి అందుతుంది. ఇంట్లో లేకుండా చూసుకోవడం, ఇంట్లో పెట్టుకుని తినకుండా ఉండడం కంటే ఎంతో సులువు. తాగేవాటి సంగతి కూడా అంతే. కలిపే చక్కెరలు రోజుకి 50 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, 2000 క్యాలరీలు తినే మనిషికి. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ఒక్కదాంట్లోనే దాదాపు 35 గ్రాములు ఉంటుంది.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటి చెప్పాలి. జీవితం ఎలాగూ మారింది, ఈ దెబ్బతో తిండి కూడా పూర్తిగా మార్చేద్దాం అని సోమవారం నుంచి కఠినమైన డైట్ మొదలుపెడతారు. నాకు ఇది అస్సలు నచ్చదు. 1944, 45 సంవత్సరాల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి 24 వారాల పాటు అంతకు ముందు తినేదాంట్లో సుమారు సగమే పెట్టారు. బరువు తగ్గారు, సరే. కానీ వాళ్ళ మనసంతా తిండి మీదే. వంటల పుస్తకాలు పోగేసుకున్నవాళ్ళు ఉన్నారు. చిరాకు, దిగులు పెరిగాయి, దేని మీదా ధ్యాస నిలవలేదు. వేరే కష్టాలేవీ లేని ఆరోగ్యవంతులకే అలా జరిగితే, విడాకుల కేసు నడుస్తున్న మనిషికి, నెలల బిడ్డతో నిద్ర లేని తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

పైగా కఠినమైన డైట్ విరిగినప్పుడు పూర్తిగా విరుగుతుంది. 1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కొందరు విద్యార్థినులకి ముందు మిల్క్‌షేక్ తాగించి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి చెప్పమన్నారు. మామూలుగా తినేవాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకునేవాళ్ళు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. "ఎలాగూ చెడింది, ఇంకేముంది" అనే లెక్క. ఈ మాట మనలో ఎంతమంది అనుకుని ఉంటాం!

కాబట్టి ఒక్కటి పట్టుకోండి. ఒక్క భోజనం, లేదా ఒక్క వేళ. దాన్ని ఇప్పుడు మీ రోజులో కచ్చితంగా జరిగే ఏదో ఒక పనికి కట్టేయండి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి దీని మీద పనిచేశారు. "ఇకనుంచి పండ్లు ఎక్కువ తింటాను" అనుకోవడం కంటే "సాయంత్రం తాళం తీసి ఇంట్లోకి రాగానే ఒక పండు తింటాను" అని అనుకున్నప్పుడు పని జరిగే అవకాశం ఎక్కువ. తాళం తీయడం ఎలాగూ జరుగుతుంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు.

21 రోజుల్లో అలవాటు అయిపోతుందని మీరు విని ఉంటారు. 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, తన రోగులు మారిన ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. ఆ "కనీసం" ఎక్కడో జారిపోయింది. ముఖం పోయి అన్ని అలవాట్లూ వచ్చి చేరాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని నిజంగా గమనించింది. తిండికో, తాగడానికో, వ్యాయామానికో సంబంధించిన ఒక కొత్త పని దానంతట అది జరిగేటంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు అని వాళ్ళ అంచనా. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఆ అధ్యయనంలోనే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు.

నిద్ర విషయం దాటేయలేను. 2004లో చికాగోలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద చేసిన ప్రయోగంలో, రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పదేసి గంటలు పడుకోనిచ్చిన రాత్రులతో పోల్చిన లెక్క ఇది. వాళ్ళకి ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద మనసు లాగింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లిదండ్రులు అర్ధరాత్రి బిస్కెట్ డబ్బా వెతుక్కుంటున్నారంటే వాళ్ళని తిట్టకండి. చేతనైతే ఒక పూట బిడ్డని ఎత్తుకుని వాళ్ళని పడుకోనివ్వండి. నైట్ షిఫ్టులోకి మారినవాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. పొద్దున తిన్న భోజనమే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. పెద్ద భోజనం షిఫ్టుకి ముందు చేసి, అర్ధరాత్రి తేలికగా సరిపెట్టుకోవడం మంచిది.

రిటైరైనవాళ్ళ సంగతికి వద్దాం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గడియారం తినిపించింది. ఇప్పుడు వంటిల్లు పది అడుగుల దూరంలో, రోజంతా తెరిచే ఉంటుంది. కొందరు గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటారు. మరికొందరు పదకొండింటికి ఒకసారి, రాత్రి ఒకసారి తిని ఊరుకుంటారు. రెండో రకం వాళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. వయసుతో కండ తగ్గుతుంది. 65 దాటిన ఆరోగ్యవంతులకి కిలో శరీర బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ ఉండాలని నిపుణుల సూచన. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. రెండు పూటల అరకొర తిండిలో అది రాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా పెంచకూడదు. ఈ వయసులో దాహం కూడా సరిగా తెలియదు, కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా భోజనంతో పాటు నీళ్ళు తాగే పద్ధతి పెట్టుకోండి. అన్నిటికంటే ముందు, మూడు పూటలకీ టైం రాసి గోడ మీద పెట్టుకోండి. నవ్వకండి, ఆఫీసు చేసిన పనే ఇది.

చివరగా, ఒకరిని పోగొట్టుకున్న ఇళ్ళ గురించి. ఇక్కడ నేను సలహాలు తక్కువే చెబుతాను. దుఃఖంలో ఆకలి చచ్చిపోవడం సహజం. మొదటి వారాల్లో ఏది పొట్టలోకి వెళితే అదే మంచిది. సూపు, పాలు, పెరుగు, అరటిపండు, ఏదైనా సరే. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. అసలు కష్టం చుట్టాలు వెళ్ళిపోయాక మొదలవుతుంది. ఇన్నేళ్ళూ నలుగురికి వండిన ఆవిడ "ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించాలా" అంటుంది. ఎన్నడూ వంటింట్లోకి వెళ్ళని ఆయనకి పొయ్యి ఎలా వెలిగించాలో తెలియదు. మనుషులు పక్కన ఎవరైనా ఉంటే ఎక్కువ తింటారన్నది పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ తేలిన సంగతి. అందుకని అలాంటివాళ్ళకి క్యారేజీ పంపించి ఊరుకోకండి. క్యారేజీ పట్టుకెళ్ళి, కూర్చుని, కలిసి తిని రండి. వారానికి ఒక్కరోజైనా, అదే రోజు, అదే వేళకి. ఆయనకి వంట రాకపోతే రెండు వంటకాలు పక్కన నిలబడి నేర్పించండి. రెండు చాలు మొదట్లో.

ఒకటి గమనిస్తూ ఉండండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు శరీర బరువులో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, దిగులు వల్లేలే అని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించాలి. దిగులు వల్లే కావచ్చు, థైరాయిడో షుగరో ఇంకేదైనా కూడా కావచ్చు. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, దాచుకుని ఆపకుండా తినడం, రోజుల తరబడి తినకపోవడం లాంటివి కనిపించినా నాలాంటి పోషకాహార నిపుణులు ఒక్కరే సరిపోరు, మానసిక వైద్యుల సాయం కూడా కావాలి.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలు ఉంటే అడగండి. అందరి ముందు అడగడం ఇబ్బంది అనిపిస్తే కాగితం మీద రాసి ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు.