పిల్లలకు ఐకాన్‌ను ఎలా చూపించాలి?

(నెల్లూరులో జ్ఞానోపదేశం బోధించే ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఐకాన్ అంటే క్రీస్తునో పునీతులనో చూపే, ప్రార్థనలో వాడే పవిత్ర చిత్రపటం. దాన్ని పిల్లలకు ఎలా చూపించాలో ఈరోజు మాట్లాడుకుందాం.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాప్టిస్టు సంఘాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్లు ప్రార్థనలో పటాలు వాడరు, మనం వాడతాం. అందుకే మన పిల్లలకు బడిలో ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మీరు పటాలకు మొక్కుతారట కదా?" ఏడేళ్ల పిల్లవాడు జవాబు తెలియక తల దించుకోకూడదు, అడిగిన స్నేహితుడి మీద కోపమూ తెచ్చుకోకూడదు. 8వ శతాబ్దంలో బైజాంటియం (తూర్పు రోమన్) సామ్రాజ్యాన్నే కుదిపేసిన ప్రశ్న అది. చక్రవర్తులు ఐకాన్లను ధ్వంసం చేయించారు. డమాస్కస్ యోహాను అనే సన్యాసి వాటిని సమర్థిస్తూ రాశారు. చివరికి 787లో నీకేయా నగరంలో జరిగిన బిషప్పుల మహాసభ తేల్చి చెప్పింది: ఆరాధన దేవునికే; పటానికి చూపే గౌరవం ఆ పటంలో ఉన్నవారికి చేరుతుంది.

పిల్లలకు మహాసభల పేర్లు అక్కరలేదు. తాతయ్య ఫోటోకు నాయనమ్మ దండ వేయడం చూసే ఉంటారు. ఆ దండ కాగితానికా, తాతయ్యకా అని అడగండి. వాళ్లే చెబుతారు.

ఆ తర్వాత మీరు మాట్లాడటం తగ్గించి, వాళ్లను చూడనివ్వండి. ఈజిప్టులో సీనాయి కొండ దగ్గరి పునీత కాథరిన్ మఠంలో 6వ శతాబ్దపు క్రీస్తు ఐకాన్ ఉంది. కరిగించిన మైనంలో రంగులు కలిపి చెక్క మీద వేశారు. దాని ప్రతిని పిల్లల ముందు పెట్టి, ముందుగా ముఖంలో ఒక సగాన్ని కాగితంతో మూయండి, తర్వాత రెండో సగాన్ని. ఒకవైపు ముఖం ప్రశాంతంగా ఉంటుంది, మరోవైపు కఠినంగా. ఆ తేడా మీరు చెప్పకండి, పిల్లలే పట్టుకుంటారు. ఎవరైనా "ప్రభువుకు కోపం వచ్చిందా?" అని అడిగితే పాఠం మొదలైనట్టే. ఆయన మనల్ని ప్రేమిస్తారు, మన తప్పునూ చూస్తారు. ఈ రెండూ ఒకే ముఖంలో ఉన్నాయని నెమ్మదిగా చెప్పండి.

తర్వాతి కాలంలో చాలా ఐకాన్లకు రంగులను గుడ్డు పచ్చసొనతో కలిపేవారు. ఈ మాట వింటే పిల్లల కళ్లు మెరుస్తాయి! వెనుక బంగారు రేకు అద్దడం దేవుని వెలుగుకు గుర్తుగా. పెద్ద కళ్లు, చిన్న నోరు ఎందుకని అడిగితే, ఆయన మనల్ని చూస్తూ మన మాట వింటున్నారని చెప్పండి. ఐకాన్ చేసే పని కూడా అదే: మనల్ని ఆయన ఎదుట నిలబెట్టడం.

ఒక విన్నపం. దయచేసి ఈ క్రీస్తు ఐకాన్‌ను ఫోనులో చూపించి సరిపెట్టవద్దు. మంచి ప్రతిని పెద్దదిగా ముద్రింపించి, పిల్లల కళ్ల ఎత్తున గోడకు తగిలించండి. పాఠం చెప్పకపోయినా రోజూ కాసేపు వాళ్లను దాని ముందు కూర్చోనివ్వండి.