మీ మొదటి యాప్‌ను తెలుగులో తెరిచి చూడండి

(కాకినాడలో ఇంజనీరింగ్ విద్యార్థుల వర్క్‌షాప్ ప్రారంభ ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు, పొద్దున్నే బస్సుల్లో నిలబడి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. శాలువా, పూలగుత్తి వద్దని ముందే మనవి చేసుకున్నాను. మన్నించారు, సంతోషం. ఆ సమయం కూడా మీకే వాడతాను.

నాకిచ్చిన అంశం ‘మొబైల్ యాప్ తయారీ: ఎక్కడ మొదలుపెట్టాలి’. అందరూ మొదట అడిగేది ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలని. ఆండ్రాయిడ్ ఒక్కటే చాలనుకుంటే కోట్లిన్ నేర్చుకోండి. 2017లో గూగుల్ దానికి అధికారికంగా చోటిచ్చింది, 2019 నుంచి దానికే పెద్దపీట వేసింది. స్క్రీన్లు తయారు చేయడానికి జెట్‌ప్యాక్ కంపోజ్ ఉంది. ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ ఒకే కోడ్ కావాలంటే ఫ్లట్టర్ ఉంది, అందులో రాసేది డార్ట్ అనే లాంగ్వేజ్. కోడ్ అంటే భయమున్నవాళ్లకు ముక్కలు ఒకదానికొకటి జోడించి యాప్ చేసే ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉంది. ఏదో ఒకటి పట్టుకుని ఒక్క యాప్ పూర్తయ్యేదాకా వదలకండి. రోజుకో కొత్త కోర్సు మొదలుపెట్టేవాళ్ల చేతిలో చివరికి సర్టిఫికెట్లే మిగులుతాయి.

తర్వాత డేటాబేస్ గురించి, సర్వర్‌తో మాట్లాడటం గురించి వరసగా చెబుదామని రాసుకొచ్చాను. అవి మీ ట్రైనర్లు నాకన్నా బాగా చెబుతారు. నేను మా మావయ్య సంగతి చెప్పాలి.

మావయ్యది పిఠాపురం దగ్గర పల్లె. వ్యవసాయం. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారు. చూపు తగ్గిందని ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకున్నారు. పంట వివరాలు ఒక యాప్‌లో నమోదు చేసుకుని, మరోసారి సరిచూసుకుందామని తెరిచారు. స్క్రీన్ అడుగున పక్కపక్కనే రెండు బటన్లు. ఒకటి ‘నమోదు పూర్తి చేయండి’, ఇంకోటి ‘నమోదు రద్దు చేయండి’. అక్షరాలు పెద్దవయ్యేసరికి రెండింటి మీదా ‘నమోదు’ అన్న మాట, పక్కన మూడు చుక్కలు మాత్రమే కనిపించాయి. ఆయన కుడివైపుది నొక్కారు. నిజంగానే రద్దు చేయాలా అని అడిగే పెట్టె ఇంగ్లిష్‌లో వచ్చింది. ఓకే నొక్కారు. నమోదు పోయింది.

కోతల రోజుల్లో మళ్లీ కాగితాలు పట్టుకుని తిరిగారు. కౌంటర్‌లో కుర్రాడు ‘చదువుకుని నొక్కాలి కదండీ’ అన్నాడట. చదవడానికి అక్కడ ఏముంది? రెండు బటన్ల మీదా ఒకటే మాట ఉంటే ఎవరు మాత్రం ఏం చదువుతారు? ఆ రోజు నుంచి మావయ్య ఏ యాప్ తెరిచినా పక్కింటి పిల్లాణ్ని పిలుస్తారు. రోజూ పేపరు చదివే మనిషి! నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. స్క్రీన్ డిజైన్ అంతా ఇంగ్లిష్‌లో చేశారు. ఇంగ్లిష్‌లో కన్ఫర్మ్, క్యాన్సిల్ అన్నవి పొట్టి మాటలు. వాటికి సరిపడా బటన్ వెడల్పు ఇన్నే అని బిగించేశారు. ఆఖరి వారంలో తెలుగు మాటలు తెచ్చి అందులో కుక్కారు. ఆండ్రాయిడ్‌లో మాటలన్నీ స్ట్రింగ్స్ ఫైల్‌లో విడిగా పెట్టుకునే ఏర్పాటు మొదటి నుంచీ ఉంది. తెలుగుకు వేల్యూస్-టీఈ (values-te) అని ఒక ఫోల్డర్ పెడితే, తెలుగులో ఉన్న ఫోన్ దాన్ని తనంతట తానే తీసుకుంటుంది. ఆ ఫోల్డర్ మొదటి రోజే పెట్టండి. బటన్ కొలత అందులోని మాటను బట్టి పెరగనివ్వండి. పక్కపక్కన పట్టకపోతే ఒకదాని కింద ఒకటి పెట్టండి. స్క్రీన్ ఎలా ఉంటుందో ముందే చూపించే కంపోజ్ ప్రివ్యూలో భాష తెలుగు, అక్షరాల సైజు రెండింతలు అని ఇస్తే మావయ్య చూసిన స్క్రీన్ మీ ల్యాప్‌టాప్‌లోనే కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు, కాబట్టి ఇది ఎవరో ఒకరిద్దరి ఇబ్బంది అనుకోకండి.

వెడల్పుతోనే అయిపోదు. మన అక్షరాల గుడి, గుడిదీర్ఘం పైకి వెళతాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. వరస ఎత్తు బిగిస్తే ఒత్తులు తెగిపోతాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలు. పేరు పది అక్షరాలకు మించకూడదని కోడ్ రాస్తే తెలుగు పేరు మధ్యలోనే ఆగిపోతుంది.

పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కంటికి కనిపించని ఒక గుర్తు చేరితే చాలు, ఐఫోన్‌లో ఆ మెసేజ్ వచ్చిన యాప్ మూతపడేది. ఆపిల్ వాళ్లు ఆ నెల 19న ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కు 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. మన లిపిని ముందు నుంచీ పరీక్షించాలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు అందరూ ఫోన్లు తీయండి. పర్వాలేదు, సార్ ఏమీ అనరు. సెట్టింగ్స్‌లో భాష తెలుగు చేయండి, అక్షరాలు పూర్తిగా పెద్దవి చేయండి. రోజూ వాడే యాప్ ఏదైనా తెరవండి. వెనక వరసలో నవ్వుతున్నారు, ఏం కనిపించింది? సగం తెలుగు, సగం ఇంగ్లిష్, తెగిన మాటలు. మా మావయ్య రోజూ చూసేది అదే.

ప్లే స్టోర్ సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. అందులో యాప్ పెట్టాలంటే డెవలపర్ ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తీసుకున్న సొంత ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు దాని పరీక్షలో చేరి ఉండాలి. మీరంతా హాస్టల్ రూమ్మేట్ల పేర్లు ఇచ్చేస్తారని నాకు తెలుసు. అలా చేయకండి. అమ్మ పేరు ఇవ్వండి, కిరాణా కొట్టు బాబాయి పేరు ఇవ్వండి. వాళ్ల చేతికి ఫోనిచ్చి పక్కన కూర్చోండి. ఎక్కడ నొక్కాలో చెప్పకండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి.

అధ్యాపకులకు ఒక విన్నపం. ఈ ఏడాది ప్రాజెక్టు రివ్యూలో ప్రతి యాప్‌నూ తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒకసారి తెరిపించండి. దానికి మార్కులు కేటాయించండి. మార్కులుంటేనే పిల్లలు చేస్తారు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా! నమస్కారం.