ట్యాంకుకు ఆ చివర

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. టోయింగ్ ట్యాంకు, అంటే ఓడ మోడల్‌ను నీళ్లలో లాగి పరీక్షించే పొడవాటి తొట్టి, దాని ఆధునికీకరణ గురించి మాట్లాడమన్నారు. మోడల్‌ను లాగే బండి, అదే కొత్త క్యారేజి గురించి, సర్వో మోటార్ల గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ పొద్దుటి నుంచి అందరూ వాటి గురించే చెప్పారు. ట్యాంకుకు ఆ చివర అలలను మింగడానికి కట్టే చెక్కల వాలు, అదే బీచ్, దాని గురించి ఒక్కరూ ఎత్తలేదు. నేను దాని గురించే చెబుతాను.

విద్యార్థుల కోసం ఒక్క మాట. ఓడల మోడళ్లతో పరీక్షలు చేసిన ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1872లో ఇంగ్లండులోని టార్కీలో ట్యాంకు నడిపాడు. అంతకుముందే 3, 6, 12 అడుగుల మోడళ్లను నదిలో లాగి చూశాడు. ఆయన చూపిన లెక్క ప్రకారం మోడల్ ఓడలో 25వ వంతు ఉంటే, వేగమూ అల కాలమూ 5వ వంతు అవుతాయి. సముద్రంలో 10 సెకన్ల అల మనకు 2 సెకన్ల అల. దాని శక్తి సెకనుకు సుమారు మీటరున్నర చొప్పున సాగుతుంది. 100 మీటర్లు దాటడానికి నిమిషం పైనే పడుతుంది. అక్కడ బీచ్ దాన్ని మింగకపోతే, మరో నిమిషంలో వెనక్కి వచ్చేస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత ట్యాంకులో పనిచేశాను. బీచ్ చెక్కలు కొన్ని ఊడిపోయాయి. మోడల్‌ను ఒకసారి లాగితే ఒక పరుగు. పరుగుకీ పరుగుకీ మధ్య నీళ్లు సర్దుకోవడానికి 20 నిమిషాలు ఆగేవాళ్లం. అప్పటి పై అధికారి "నీళ్లు అద్దంలా ఉన్నాయిగా, ఇంకా ఎందుకు ఆగడం?" అన్నారు. 5 నిమిషాలకు కుదించాం. పిచ్, అంటే ఓడ ముందుకీ వెనక్కీ ఊగడం, దాని గ్రాఫులో ఒకచోట మూపురంలా లేచింది. ఓడ ముందు భాగం ఆకారమే కారణమని రిపోర్టు రాశాం. డిజైనర్లు పాపం ఆ ఆకారం మార్చారు.

తర్వాత మా పాత మెకానిక్ ఒకాయన, క్యారేజి ఆగిన 5 నిమిషాలకు అల ఎత్తు కొలిచే ప్రోబ్ ఏం చెబుతుందో రాసి చూపించాడు. కంటికి కనబడని పొడవాటి అల ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతూనే ఉంది. పూర్తిగా ఆగి మళ్లీ పరీక్షిస్తే మూపురం లేదు. లేని జబ్బుకు మందు వేయించాం! ఆ రిపోర్టు మీద నా సంతకం కూడా ఉంది. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు.

లెక్క చూడండి. అలలో పదో వంతు వెనక్కి వచ్చిందనుకుందాం. అల ఎత్తు ఒకచోట 90, ఇంకోచోట 110 అవుతుంది. ప్రోబ్ 90 దగ్గర ఉంటే, మోడల్ 110 మీదుగా పోతుంది. మోడల్ ఎంత ఊగిందో దాన్ని ప్రోబ్ చూపిన అల ఎత్తుతో భాగించేది మనమే కదా! ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా ఆ తప్పునే చక్కగా గీసి చూపిస్తుంది.

పైగా ఇప్పుడు అందరికీ క్రమంలేని అలలు కావాలి. జాన్స్వాప్ స్పెక్ట్రం, అంటే సముద్రంలో ఏ అలకు ఎంత శక్తి ఉంటుందో చెప్పే పట్టీ, ఇస్తే కంప్యూటరు అలలు పుట్టించే పలకను, అదే వేవ్ మేకర్‌ను, నడిపిస్తుంది, సంతోషం. కానీ ఒక్క పరుగులో మోడల్‌కు ఎదురయ్యే అలలు కొన్నే. చాలా పరుగులు కలిపితేగాని సరిపోవు. పరుగులు పెరిగేకొద్దీ ఆగే సమయం తగ్గించాలనిపిస్తుంది. టెన్షన్ అంతా అక్కడే.

అందుకే అడుగుతున్నాను. బడ్జెట్ కోతపడితే క్యారేజి రంగు ఆపండి, కంట్రోల్ రూము ఏసీ ఆపండి, బీచ్ ఆపకండి. వాలు పొడవుగా కట్టండి. వేవ్ మేకర్ పలకకు ఫోర్స్ సెన్సార్ పెట్టించండి, వెనక్కి వచ్చే అలను పసిగట్టి పలకే మింగేలా. మూడు ప్రోబ్‌లు వరసగా పెడితే పోయే అల, వచ్చే అల విడివిడిగా తెలుస్తాయి. ప్రతి పరుగుకూ ఎంతసేపు ఆగారో రిజిస్టరులో రాయండి.

ఈసారి ట్యాంకు ఖాళీ చేసినప్పుడు, బూట్లు వేసుకుని ఆ చివరికి మీరే నడిచి వెళ్లండి. ఒక్కో చెక్కనూ చేత్తో కదిపి చూడండి.