ఖర్గేనా, థరూరా: ఆ ఓటు నా చేతిలో ఉండుంటే

అందరికీ నమస్కారం. పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు, వెనక వరసల్లో డిగ్రీ పిల్లలు కూడా కనపడుతున్నారు, చాలా సంతోషం. పార్టీ నాయకత్వానికి పోటీ జరిగితే నిలబడినవాళ్ళని ఎట్లా బేరీజు వేయాలో చెప్పమన్నారు నన్ను. దానికి ఒక్క ఎన్నికనే పట్టుకుని మాట్లాడతా, 2022 అక్టోబర్లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మల్లికార్జున ఖర్గే, శశి థరూర్ పోటీ పడ్డారు కదా, అది. నేను ఏ పార్టీలోనూ మెంబర్ని కాను, అందులో నాకు ఓటు లేదు, అయినా ఆ నెలంతా ఓటు నా చేతిలోనే ఉన్నట్టు ఆలోచించా, ఒకసారి అటు ఒకసారి ఇటు ఊగా కూడా.

ఈ మాట కర్నూల్లో మాట్లాడుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ పక్కనే పెదపాడు, దామోదరం సంజీవయ్య గారి ఊరు. 1962లో కాంగ్రెస్ అధ్యక్షుడైన మొదటి దళితుడు ఆయన. ఖర్గే గెలిచినప్పుడు టీవీల్లో అందరూ దళిత అధ్యక్షుడు అని చెప్తుంటే నాకు మాత్రం పెదపాడే కళ్ళముందు మెదిలింది. ఇంకోటి, అక్టోబర్ 19న ఢిల్లీలో ఓట్ల లెక్కింపు జరుగుతుంటే రాహుల్ గాంధీ భారత్ జోడో పాదయాత్రలో మన ఆదోనిలో ఉన్నారు. పార్టీలో ఇకమీదట మీ పాత్ర ఏంటని విలేకర్లు అడిగితే అది ఖర్గే గారిని అడగండి అన్నట్టు చెప్పేశారు, అప్పటికింకా ఫలితం ప్రకటించనే లేదు! అంటే ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలుసు. మరి తెలిసిన పోటీని ఎందుకు తూకం వేయాలి అంటారా, వేయాలి, ఎందుకంటే ఎవరు గెలుస్తారు అన్నది ఒక లెక్క, ఎవరు ఆ పనికి సరిపోతారు అన్నది వేరే లెక్క, మనం ఎప్పుడూ ఈ రెండూ కలిపేసి చూస్తాం.

ముందు నేను ఎటు మొగ్గానో చెప్తా, థరూర్ వైపు. ఐక్యరాజ్యసమితిలో దాదాపు 30 ఏళ్ళు, 2006లో సెక్రటరీ జనరల్ పదవికే పోటీ చేసిన మనిషి, తిరువనంతపురంలో 2009 నుంచి వరసగా గెలుస్తున్నాడు, మాట్లాడితే వినబుద్ధవుతుంది. పైగా మేనిఫెస్టో రాసి మరీ దిగాడు, ప్రతి చిన్న నిర్ణయం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, రాష్ట్రాలకి అధికారం వదలాలి అని. రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ (పీసీసీ) పదవి కోసం, టికెట్ల కోసం మనవాళ్ళు సూట్‌కేసులు పట్టుకుని ఢిల్లీ రైళ్ళెక్కడం చూస్తూ పెరిగినవాడిని నేను, ఆ మాట నాకు సూటిగా తగిలింది.

ఖర్గేది ఇంకో దారి. పుట్టింది బీదర్ జిల్లాలో, 1948లో రజాకార్ల దాడుల్లో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్నాడు. గుల్బర్గాలో లా చదివి మిల్లు కార్మికుల కేసులు వాదించాడు, 1969లో ఆ టౌను కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు. 1972 నుంచి గురుమిట్కల్లో ఎనిమిది సార్లు, 2008లో చిత్తాపూర్లో ఒకసారి, మొత్తం తొమ్మిది సార్లు ఎమ్మెల్యే. గురుమిట్కల్ అంటే ఎక్కడో కాదు, మన పాలమూరు వైపు నారాయణపేట దాటితే వచ్చేదే. ఓటమి ఎరగని సర్దార్ అని కన్నడంలో పేరు, ఆ పేరు 2019 లోక్‌సభ ఎన్నికల్లో పోయింది. ముఖ్యమంత్రి కుర్చీ 1999లో, 2004లో, 2013లో మూడుసార్లు దగ్గరదాకా వచ్చి వేరేవాళ్ళకి పోయింది, ఒక్కసారి కూడా పార్టీని చీల్చి బయటికి పోలేదు. దీన్ని విధేయత అనాలా, ఓపిక అనాలా అని చాలా రోజులు తేల్చుకోలేకపోయా.

నా మనసు మార్చింది జైపూర్. అసలు అధ్యక్షుడవుతాడనుకున్నది అశోక్ గెహ్లాట్ కదా, మరి ఆయన పోతే రాజస్థాన్ ముఖ్యమంత్రి ఎవరు అన్నది తేల్చడానికి సెప్టెంబర్ 25న ఖర్గేని, అజయ్ మాకెన్‌ని పరిశీలకులుగా పంపారు. ముఖ్యమంత్రి ఇంట్లో మీటింగు పెట్టుకుని వీళ్ళు కూర్చుంటే గెహ్లాట్ వైపు ఎమ్మెల్యేలు అక్కడికి రాకుండా శాంతి ధారీవాల్ అనే మంత్రి ఇంటికి చేరారు, అక్కడే సంతకాలు, అక్కణ్ణుంచి స్పీకర్ ఇంటికెళ్ళి రాజీనామాలు. ఒక్కసారి ఆ గది ఊహించుకోండి, వరసగా ఖాళీ కుర్చీలు, ఎనభై ఏళ్ళ పెద్దమనిషి, ఫోన్లలో షరతులు. పార్టీ అధ్యక్షుడి పని అంటే అదీ. మైకు ముందు మాట్లాడటం అందులో ఒక చిన్న ముక్క, మిగతాదంతా అలిగినవాళ్ళ మధ్య, ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు వర్గాల మధ్య అర్ధరాత్రి దాకా కూర్చోవడమే. థరూర్‌ని ఆ గదిలో పెట్టి చూసుకుంటే నాకు నమ్మకం కుదరలేదు, నిజాయితీగా చెప్తున్నా. ఇది ఆయన తెలివికి తక్కువ మార్కులు వేయడం కాదు, ఆ పని ఆయన ఎప్పుడూ చేయలేదు అంతే. గెహ్లాట్ తర్వాత సోనియా గాంధీకి క్షమాపణ చెప్పి పోటీలోంచి తప్పుకున్నాడు, ఆ మర్నాడే ఖర్గే నామినేషన్ వేశాడు.

2023 మేలో ఇది రుజువైంది అనుకుంటా. కర్ణాటకలో 135 సీట్లొచ్చాయి, సిద్ధరామయ్య, డీకే శివకుమార్ ఇద్దరూ కుర్చీ నాదంటే నాదన్నారు. ఆ పంచాయితీకి ఢిల్లీలో పెద్దగా కూర్చున్నది ఎవరు, అదే కుర్చీ మూడుసార్లు చేజారినవాడు, అందులో ఒకసారి ఇదే సిద్ధరామయ్యకే! ఐదు రోజుల్లో తెగ్గొట్టారు, ఎవరూ పార్టీ వదిలి పోలేదు.

అయితే ఇక్కడితో ఆపేస్తే థరూర్‌కి అన్యాయం చేసినట్టే. ఓటు వేసేవాళ్ళు తొమ్మిది వేల పైచిలుకు పీసీసీ డెలిగేట్లు, వాళ్ళ ఫోన్ నంబర్లే అన్నీ సరిగ్గా అందలేదని ఆయన అప్పట్లోనే చెప్పాడు, కొన్ని రాష్ట్రాల్లో పీసీసీ పెద్దలు తనని కలవడానికే రాలేదని కూడా. బ్యాలెట్ సంగతి చూడండి, నచ్చిన అభ్యర్థి పేరు ముందు 1 అని రాయాలని మొదట రూల్ పెట్టారు. బ్యాలెట్ మీద ఖర్గే నంబర్ 1, థరూర్ నంబర్ 2! 1 రాయమంటే ఒకటో నంబర్‌కి వేయమన్నట్టే అర్థమవుతుందని థరూర్ మనుషులు అభ్యంతరం పెడితే అప్పుడు టిక్కుగా మార్చారు. పెద్ద మోసం అనను కానీ, ఇంత చిన్నది పట్టించుకుని అడిగే మనిషి పోటీలో ఉన్నాడు కాబట్టే ఆ రూల్ మారింది. ఏకగ్రీవం అయ్యుంటే ఆ కాగితాన్ని ఎవరు చూసేవాళ్ళు?

లెక్కింపులో 9385 ఓట్లు, ఖర్గేకి 7897, థరూర్‌కి 1072, చెల్లనివి 416. పార్టీలో పండిపోయినవాళ్ళు వేసిన ఓట్లలో 416 చెల్లలేదంటే నాకు బాధేసింది. 1072 మాత్రం చాలా విలువైన సంఖ్య, 2000లో సోనియా మీద నిలబడిన జితేంద్ర ప్రసాదకి వచ్చినవి 94, 1997లో శరద్ పవార్ అంతటివాడికి 882.

మన దగ్గర అయితే ఈ తూకం వేసే అవసరమే రానివ్వరు. తెలుగు నేల మీద పుట్టిన ప్రాంతీయ పార్టీల్లో అధ్యక్ష పదవికి ఇద్దరు నిలబడి ఓట్లు లెక్కపెట్టడం నేనైతే చూడలేదు. అదే 2022 జులైలో వైసీపీ ప్లీనరీలో, అంటే పార్టీ మహాసభలో, శాశ్వత అధ్యక్షుడు అనే మాట వస్తే ఎన్నికల సంఘం అది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని చెప్పాల్సొచ్చింది.

చివరగా 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక గురించి చెప్పాలి, అది మన తెలుగాయన పోటీ కాబట్టి. సుభాష్ బోసు, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. గాంధీ గారు పట్టాభి వైపు అని తెలిసి కూడా బోసుకి 1580 మంది వేశారు, పట్టాభికి 1377. ఈ ఓటమి ఆయనది కాదు నాదే అన్నట్టు మాట్లాడారు గాంధీ. అయినా బోసు మూడు నెలలకే రాజీనామా చేశాడు, ఎందుకంటే పార్టీని నడిపే వర్కింగ్ కమిటీని గాంధీ గారి ఇష్టప్రకారమే వేయాలని త్రిపురి మహాసభలో తీర్మానం చేసి చేతులు కట్టేశారు. ఓట్లు ఉన్నాయి, కమిటీ లేదు. అందుకే నా కొలత ఇదే, ఈయన గెలిస్తే తన కమిటీని తను వేసుకోగలడా, లేకపోతే కార్యకర్తల ఓట్లతో వేయించగలడా? ఖర్గేకి అలిగినవాళ్ళని కూర్చోబెట్టడంలో నేను నిండు మార్కులు వేస్తా, ఓటు ఉంటే ఆయనకే వేసేవాడిని. కానీ ఈ కొలత దగ్గర మాత్రం వేయలేను. 2023 ఫిబ్రవరిలో రాయ్‌పూర్ ప్లీనరీలో వర్కింగ్ కమిటీకి ఎన్నికలు వద్దు, అధ్యక్షుడే నామినేట్ చేస్తాడు అని తేల్చేశారు. 1992లో పీవీ గారు తిరుపతిలో పెట్టించగలిగిన ఎన్నిక అది! ఆగస్టులో లిస్టు వచ్చింది, అందులో శశి థరూర్ పేరు ఉంది, 1072 మంది ఓటేసిన మనిషి కూడా నామినేషన్ మీదే లోపలికి వెళ్ళాడు.