దురద తగ్గింది, తామర తగ్గలేదు

అందరికీ నమస్కారం. చర్మం, జుట్టు, గోళ్లు మూడింటి గురించీ మాట్లాడమన్నారు. ఉన్న టైములో అన్నీ కుదరవు. హాస్టల్ పిల్లలే ఎక్కువ కనిపిస్తున్నారు కాబట్టి తామర గురించి చెప్తాను. చుండ్రు సంగతి తర్వాత అడగండి, ఎలాగూ అడుగుతారు.

చర్మంలో పైకి కనిపించేదంతా చచ్చిన కణాలే. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతుంది. ఎండిపోయి, కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో నిండి, దాదాపు నెలకు పొట్టుగా రాలిపోతుంది. వెంట్రుకలు, గోళ్లు కూడా కెరటినే. తామర తెచ్చే ఫంగస్‌కు తిండి అదే. గజ్జలు, చంకలు, బెల్టు బిగించే నడుము, ఇలా చెమట ఆరని చోటల్లా దిగుతుంది.

మచ్చను సరిగ్గా చూడండి. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బి, సన్నటి పొట్టుతో ఉంటుంది. మధ్యలో తేటగా ఉంటుంది. ఫంగస్ బయటివైపు పాకుతుంటే ఒంట్లోని రక్షణ కణాలు దాని మీద పడుతున్నాయి. ఆ ఎరుపూ దురదా అందువల్లే.

మనం ఏం చేస్తాం? మెడికల్ షాపుకెళ్లి "అన్నా, దురదకు ట్యూబ్ ఇవ్వు" అంటాం. చాలా ట్యూబుల్లో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ ఉంటుంది. అది చాలా బలమైన స్టెరాయిడ్. రెండు మూడు రోజుల్లో దురద మాయం! పోయింది దురదే. రక్షణ కణాలను అణిచేశాం, ఇక ఫంగస్‌కు అడ్డెవరు? ట్యూబ్ ఆపగానే రెట్టింపై వస్తుంది. గుండ్రటి ఆకారం చెదిరిపోయి, వలయంలో వలయం పుట్టి, డాక్టరును కూడా తికమక పెడుతుంది. గజ్జల్లో చర్మం పల్చబడి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పూర్తిగా పోవు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన బిగించింది. మిమ్మల్ని షాపులో చీటీ అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నవ్వుతున్నారంటే అర్థమైంది.

అనుమానం ఉంటే మేం అంచు దగ్గర పొట్టు గీరి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తాం. కణాల మధ్య కొమ్మలు చాచిన సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్సే. నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువే.

మందు వారాల తరబడి వాడాలి. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలి. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకు చాలాసార్లు లొంగడం లేదు. కాబట్టి స్నేహితుడికి పనిచేసిన మాత్ర మీకు పనిచేయాలని లేదు. గోరుకు పట్టిందంటే ఇంకా ఆలస్యం. చేతిగోరు నెలకు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది, కాలిగోరు అంతకన్నా నెమ్మది. రూమ్మేటు టవలు వాడటం, తడి జీన్స్ తొడుక్కోవడం మానేయండి. ఇంట్లో ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒకేసారి మందు మొదలుపెట్టాలి.

బ్యాగులో ట్యూబ్ ఉన్నవాళ్లు ఇప్పుడే తీసి, వెనక సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ ఈ మూడు స్టెరాయిడ్లలో ఏది ఉన్నా ఇటు వచ్చి నాకు చూపించండి.