ఆ ఏట్లోకి దిగినవాడు: నిజ ఘటనల సొరచేప థ్రిల్లర్‌పై చర్చ

(వరంగల్‌లోని ఒక స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: హన్మకొండకు చెందిన ఒక షార్ట్ ఫిల్మ్ దర్శకుడు, జంతుశాస్త్ర అధ్యాపకురాలు, చెరువులో చేపలు పట్టే ఒక గజ ఈతగాడు.)

యాంకర్: అందరికీ నమస్కారం. సముద్రం చూడాలంటే రైలెక్కి సూర్యలంక దాకా పోవాల్సిన ఊరు మనది. అయినా సొరచేప సినిమా అంటే మన పిల్లలకు ఎంత ఇష్టమో చెప్పక్కర్లేదు. ఈ సినిమాల మాట వచ్చినప్పుడల్లా గుర్తుచేసుకునే నిజ ఘటన ఒకటుంది. 1916 జూలైలో, అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో పన్నెండు రోజుల్లో ఐదుగురి మీద సొరచేప దాడి జరిగింది. నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాని మీద థ్రిల్లర్ రాస్తున్న దర్శకుడు మనతో ఉన్నారు. తమ్ముడూ, ఎక్కడ మొదలుపెట్టారు?

దర్శకుడు: మొదట్లో అందరిలాగే మొదలుపెట్టానక్కా. నీళ్ల మీద రెక్క, వెనక డప్పు చప్పుడు. తర్వాత ఆ రోజుల గురించి చదువుతూ పోతే ఒక చిన్న సంగతి దగ్గర ఆగిపోయాను. జూలై 1 సాయంత్రం, బీచ్ హేవెన్ అనే ఊరు. చార్లెస్ వాన్సంట్ అనే కుర్రాడు, 25 ఏళ్లు, ఇంట్లోవాళ్లతో సెలవులకు వచ్చాడు. రాత్రి భోజనానికి ముందు కాసేపు ఈదుదామని దిగాడు. ఒడ్డున ఆడుతున్న కుక్క కూడా అతని వెంట నీళ్లలోకి వచ్చింది. కాసేపటికి అతను కేకలు పెట్టాడు. ఒడ్డున ఉన్నవాళ్లు ఏమనుకున్నారో తెలుసా? కుక్కను పిలుస్తున్నాడనుకున్నారు.

యాంకర్: అయ్యో.

దర్శకుడు: జూలై 6న స్ప్రింగ్ లేక్ అనే ఊళ్లో, ఒక పెద్ద హోటల్లో పనిచేసే చార్లెస్ బ్రూడర్ ఒడ్డుకు దూరంగా ఈదుతున్నాడు. ఒక ఆవిడ లైఫ్‌గార్డులకు చెప్పింది, అదిగో అక్కడ ఎర్ర పడవ బోల్తా పడిందని. అక్కడ పడవ లేదు. ఎర్రబడింది నీళ్లు. ఆ రాత్రి నేను రాసుకున్న పేజీలన్నీ పక్కన పడేశాను. ఈ కథలో భయం రెక్కలో లేదు. కళ్ల ముందు జరుగుతున్నది చూస్తూ కూడా జనం ఇంకేదో అనుకోవడంలో ఉంది.

అధ్యాపకురాలు: చదువుకున్నవాళ్లు కూడా అంతే, అది కూడా చెప్పాలి. సొరచేప బతికున్న మనిషి జోలికి రాదని అప్పట్లో గట్టి నమ్మకం. 1891లోనే హెర్మన్ ఓల్‌రిక్స్ అనే ధనవంతుడు 500 డాలర్ల పందెం కాశాడు, తూర్పు తీరంలో సొరచేప మనిషిని కరిచినట్టు నిరూపించండి చూద్దాం అని. పందెం గెలిచామని ఎవరూ రాలేదు. దాంతో అదే శాస్త్రం అన్నట్టు చలామణి అయింది. 1916 జూలై 8న న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ముగ్గురు నిపుణులు, ఫ్రెడరిక్ లూకాస్, జాన్ నికల్స్, రాబర్ట్ మర్ఫీ, విలేకరులతో మాట్లాడారు. మూడో దాడి జరిగే అవకాశం తక్కువన్నారు. వాళ్లలో నికల్స్ మాత్రం ఒడ్డుకు దగ్గరగానే ఈదండి, వలలు కట్టిన చోటే దిగండి అని జాగ్రత్త చెప్పాడు. పేపర్ చదివినవాళ్లకు ధైర్యమే ఎక్కువ గుర్తుండి ఉంటుంది.

యాంకర్: ఆ తర్వాత నాలుగు రోజులకే మళ్లీ దాడి జరిగింది కదా మేడమ్... మనలాగే ముగ్గురు కూర్చుని మాట్లాడిన మాట. వింటుంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది. అన్నా, మీరు ముప్పై ఏళ్లుగా చెరువులో ఉన్నారు. ఎదురుగా కనిపిస్తున్నా వేరేలా అనుకోవడం అంటున్నారు తమ్ముడు. మీకట్లా అనిపించిందా?

గజ ఈతగాడు: మాకు రోజూ ఉండేదే చెల్లే. మునిగేవాడు అరుస్తాడు, చేతులు ఊపుతాడు అనుకుంటారు జనం. సినిమాల్లో అట్లనే చూపిస్తారు. నిజానికి మునిగేవాడు అరవడు. నోరు నీళ్ల మీదికి వచ్చినప్పుడు గాలి పీల్చుకోవడానికే సరిపోదు, ఇక ఎట్ల అరుస్తాడు? తల కొంచెం వెనక్కి వాలుతుంది, చేతులు నీళ్లను కిందికి తొక్కుతుంటాయి, మెట్లెక్కినట్టు. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. బతుకమ్మ పండుగ సెలవుల్లో మత్తడి దగ్గర ఒక పోరడు అట్లనే పోయాడు. పక్కన నలుగురు దోస్తులు ఉన్నారు. వాళ్లలో ఒకడు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఆ వీడియో తర్వాత నేను చూసిన. పోరడు మునుగుతున్నాడు, వీళ్లు నవ్వుతున్నారు. వాళ్ల తప్పు కాదు చెల్లే. వాళ్లకు తెల్వదు.

(కాసేపు నిశ్శబ్దం.)

దర్శకుడు: మటావాన్‌లో జరిగింది సరిగ్గా ఇదే అన్నా. జూలై 12. మటావాన్ సముద్రం కనపడని చిన్న ఊరు, పక్కనే ఒక ఏరు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్లు ఆ ఏట్లోకి వస్తాయి. పొద్దున థామస్ కాట్రెల్ అనే పెద్దాయన, ఒకప్పుడు ఓడ నడిపినవాడు, వంతెన మీద నుంచి చూస్తే నీళ్లలో పెద్ద నల్లటి ఆకారం పైకి వెళ్తోంది. ఊళ్లోకి ఉరికి అందరికీ చెప్పాడు. ఏట్లో సొరచేపా అని నవ్వారు. మధ్యాహ్నం లెస్టర్ స్టిల్‌వెల్ అనే 11 ఏళ్ల పిల్లాడు స్నేహితులతో ఈతకు దిగాడు. నీళ్లలోకి లాగేసింది. మిగతా పిల్లలు ఒంటి మీద బట్టల్లేకుండానే ఊళ్లోకి పరుగెత్తి సొరచేప అని అరిచారు. పెద్దవాళ్లు నమ్మలేదు. లెస్టర్‌కు మూర్ఛ ఉండేది, నీళ్లలో ఫిట్స్ వచ్చి మునిగి ఉంటాడనుకున్నారు.

యాంకర్: నాలుగోసారి కూడా.

దర్శకుడు: అవునక్కా, నాలుగోసారి. అప్పుడు స్టాన్లీ ఫిషర్ వచ్చాడు. 24 ఏళ్లు, ఊళ్లో బట్టలు కుట్టే దుకాణం. పిల్లాడు బతికి లేడని అతనికి తెలుసు. అయినా తల్లిదండ్రులకు శవమైనా దక్కాలని దిగాడు. మునిగి మునిగి వెతికాడు, దొరికింది కూడా. ఒడ్డుకు తెస్తుంటే, ఊరంతా చూస్తుండగానే, సొరచేప అతని కుడి తొడ పట్టుకుంది. చేతిలోని పిల్లాడు జారిపోయాడు. ఫిషర్‌ను రైల్లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రానికి చనిపోయాడు. అరగంట తేడాతో అదే ఏట్లో, కాస్త దిగువన, జోసెఫ్ డన్ అనే ఇంకో పిల్లాడి కాలు పట్టుకుంటే సోదరుడు, స్నేహితుడు గుంజి గుంజి బయటపడేశారు. ఐదుగురిలో బతికింది అతనొక్కడే. లెస్టర్ శవం రెండు రోజులకు తేలింది.

గజ ఈతగాడు: ఆ దర్జీ పిల్లగాడు... మంచివాడు. శవం కోసం దిగినవాడి గురించి ఎవరూ సినిమా తీయరు తమ్ముడూ. నువ్వు తీయి.

యాంకర్: ఒక ఫోన్ కాల్ తీసుకుందాం. మంథని నుంచి, చెప్పండి.

ప్రేక్షకుడు (ఫోన్‌లో): మేడమ్, ఏట్లోకి సొరచేప వచ్చిందంటున్నారు. మా గోదావరిలోకి కూడా వస్తుందా? పిల్లలు స్నానానికి పోతుంటారు.

అధ్యాపకురాలు: మంచి ప్రశ్న. సొరచేపల్లో చాలా జాతులు మంచినీళ్లలో బతకలేవు. బుల్ షార్క్ మాత్రం బతుకుతుంది. ఒంట్లో ఉప్పు ఎంత ఉంచాలో, ఎంత పంపాలో దాని మూత్రపిండాలు సర్దుకుంటాయి. 1937లో మిసిసిపి నదిలో ఇల్లినాయిస్ రాష్ట్రం దాకా వెళ్లింది, నికరాగ్వా సరస్సులో కూడా కనిపిస్తుంది. మీ ఊరి గోదావరికి మాత్రం ఆ భయం పెట్టుకోకండి, ధవళేశ్వరం దగ్గరే ఆనకట్ట ఉంది. మీరు చూసుకోవాల్సింది మొసళ్లను. మీకు దగ్గర్లోని శివారం అభయారణ్యం పెట్టిందే వాటి కోసం. అక్కడ బోర్డులు పెట్టిన చోట పిల్లల్ని దిగనివ్వకండి.

యాంకర్: తమ్ముడూ, ఇక క్లైమాక్స్. సొరచేప దొరికింది కదా?

దర్శకుడు: దొరికిందక్కా. జూలై 14న మైకేల్ ష్లైసర్ అనే ఆయన, ఏటికి కొద్ది మైళ్ల దూరంలోని రారిటన్ బేలో వల వేస్తే పడింది. ఏడున్నర అడుగులు. పడవను ముంచబోయింది, విరిగిన తెడ్డుతో కొట్టి చంపాడు. కడుపులో మనిషి మాంసం, ఎముకలు ఉన్నాయన్నారు. థ్రిల్లర్‌కు ఇంతకంటే క్లైమాక్స్ ఏం కావాలి?

అధ్యాపకురాలు: నేను ఒప్పుకోను బాబూ. దాన్ని గ్రేట్ వైట్ అనే జాతి సొరచేపగా గుర్తించారు. కానీ అన్ని దాడులూ అదే చేసిందా, ఏట్లో ఉన్నది బుల్ షార్కా అని ఈ రోజుకీ వాదన నడుస్తోంది. తెడ్డు దెబ్బతో సినిమా ముగిస్తే, దోషి దొరికింది, శిక్ష పడింది అని జనం లేచిపోతారు. ఆ వారాల్లో తీరం పొడవునా ఏ సొరచేప కనిపిస్తే దాన్ని చంపారు. ఏట్లో డైనమైట్ పేల్చారు. అన్ని రోజులు అసలు నమ్మనివాళ్లు ఒక్క రోజులో అన్నిటినీ చంపడానికి బయలుదేరారు. ప్రపంచం మొత్తంలో ఏడాదికి సొరచేపల వల్ల పోయేవాళ్లు సగటున పది మంది కూడా ఉండరు. మనం చంపే సొరచేపలు కోట్లలో ఉంటాయి.

దర్శకుడు: మేడమ్, టికెట్ కొన్నవాడికి టెన్షన్ కావాలి కదా.

అధ్యాపకురాలు: టెన్షన్ వద్దనలేదు. ఏటి నీళ్లు బురదగా ఉన్నాయి, లోపల ఏముందో కనపడదు. అదే చాలు.

యాంకర్: నేను మేడమ్ వైపే. తెడ్డు దెబ్బ తీసేయండి తమ్ముడూ, లేదా రెండు నిమిషాల్లో దాటేయండి. ఫిషర్ దిగే సీన్‌కు ఎంత టైమ్ పెట్టారు?

దర్శకుడు: ప్రస్తుతానికి ఒకటిన్నర పేజీ. అన్నను అడిగి మళ్లీ రాస్తాను. అన్నా, మీరెట్లా దిగుతారు?

గజ ఈతగాడు: దూకం. దూకితే అడుగు కదిలి బురద లేస్తుంది, ఇక ఏమీ కనపడదు. థర్మాకోల్ తెప్ప మీద మెల్లగ పోతాం. ముందు పాతాళ గరిగె, అదే తాడుకు కట్టిన కొక్కేల గుత్తి, వేసి చూస్తాం, తగలకపోతే దిగుతాం. పది అడుగులు పోయాక వెలుతురు ఉండదు. ఇక చూపుతో పని లేదు, చేతులతోనే. నాచు తగులుతుంది, పాత వలలు తగులుతాయి. చొక్కా తగిలితే తెలుస్తుంది, బట్ట వేరే ఉంటుంది. వెంట్రుకలు పట్టి గుంజం. చంక కింద చేయి పెట్టి తెస్తాం, నిద్రపోయిన పిల్లగాణ్ని మంచం మీదికి తెచ్చినట్టు.

యాంకర్: ఒడ్డున వాళ్లమ్మ ఉంటుంది కదన్నా.

గజ ఈతగాడు: ఉంటుంది. అందుకే సక్కగ కట్ట మీదికి తేము. పక్కన తుంగ ఉన్న చోటికి పోతాం. మొకం మీది బురద కడుగుతాం. ముక్కులో నాచు ఉంటే తీస్తాం. కండ్లు మూస్తాం. నా తువ్వాల కప్పుతా. అప్పుడు పిలుస్తాం.