కూలెంట్ మార్చాక ముల్లు ఎందుకు పైకెక్కింది?

అందరికీ నమస్కారం.

కారు చక్కగా తిరుగుతూ ఉంటుంది. ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవం, అంటే కూలెంట్, మార్చి చాలా కాలమైందని ఎవరో గుర్తుచేస్తారు. సరేనని రేడియేటర్ ఖాళీ చేయించి, లోపల నీళ్లు కొట్టి కడిగించి, కొత్త కూలెంట్ పోయిస్తారు. బయటికొచ్చి పది కిలోమీటర్లు వెళ్లేసరికి, డాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడి చూపే గేజ్‌లో ఎప్పుడూ సగానికి కాస్త కిందుండే ముల్లు సగం దాటి కనిపిస్తుంది. అక్కడ మొదలవుతుంది టెన్షన్. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది సార్" అని నాతో అన్నవాళ్లను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఇవాళ నేను మాట్లాడేది ఈ ఒక్క ఫిర్యాదు గురించే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కూలెంట్ మార్చిన వెంటనే వేడి పెరిగితే, చెడిపోయిన పార్టు కోసం వెతక్కండి, చేసిన పనిలో వెతకండి. నిన్నటిదాకా బాగున్న వాటర్ పంపు ఇవాళే పాడవ్వాలని ముహూర్తం పెట్టుకోదు కదా. ఇవాళ మారిందేమిటి? లోపలి ద్రవం మారింది. దాంతోపాటు గాలి చొరబడింది. కొన్ని పైపులు, క్లిప్పులు, కనెక్టర్లు ఊడదీసి మళ్లీ పెట్టారు. అనుమానపడాల్సింది వీటినే.

అంతకన్నా ముందు ఒక ప్రశ్న. వేడి పెరిగిందంటున్నారు, దేనితో పోలిస్తే?

గేజ్ ముల్లు థర్మామీటర్ కాదు. ఈ కాలపు చాలా కార్లలో తయారీదారులే దాన్ని కావాలని మొద్దుగా ఉంచుతారు. ఇంజిన్ సుమారు 80 డిగ్రీల నుంచి 105 దాకా ఎక్కడున్నా ముల్లు నడిమధ్యనే నిలబడి ఉంటుంది. చిన్న హెచ్చుతగ్గులకు నడిపేవాళ్లు కంగారు పడకూడదని ఈ ఏర్పాటు. అలాంటి కారులో ముల్లు కదిలిందంటే లోపల తేడా చిన్నది కాదు. పాత కార్లలో కొన్నింటి ముల్లు మాత్రం ప్రతి మార్పుకీ ఊగుతుంది. ఎండకీ, ఎత్తుకీ, ట్రాఫిక్‌కీ అది కాస్త అటూ ఇటూ అవడం మామూలే. మీది ఏ రకమో తేల్చుకోవాలంటే కారు కంప్యూటర్‌ను చదవడానికి ఉండే ఓబీడీ సాకెట్‌లో చిన్న స్కానర్ పెట్టి ఫోన్లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. 88, 94, 101 అని అంకె కనబడుతుంది. అంకె లేకుండా "ఎక్కువైంది" అనడం నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరం ఎంతో చెప్పడం లాంటిది.

ఒకసారి ఒకాయన ఇలాగే వచ్చారు. స్కానర్ పెడితే 91 చూపిస్తోంది. అది బ్రహ్మాండమైన అంకె! మరి ఇంతకుముందు ముల్లు అంత కిందెందుకు ఉండేది? ఆరా తీస్తే, కూలెంట్‌తో పాటు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం) కూడా కొత్తది వేశారట. పాతది ఎన్నాళ్లుగానో తెరుచుకునే ఉండిపోయి, ఇంజిన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కనే లేదు. చల్లగా ఉండటం మంచిదే కదా అనుకుంటాం. కాదు. ఇంజిన్ చల్లగా ఉందని కంప్యూటర్ అనుకుంటే పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్‌లో తేమ ఆవిరవదు, అరుగుదల పెరుగుతుంది. ఆ కారు చెడిపోలేదు, బాగుపడింది. ఆయన్ని నమ్మించడానికే అరగంట పట్టింది.

థర్మోస్టాట్ మాటొచ్చింది కాబట్టి అదెలా పనిచేస్తుందో చెబుతాను, తర్వాత అవసరమవుతుంది. చిన్న ఇత్తడి గుళ్లలో మైనం లాంటి పదార్థం ఉంటుంది. వేడికి అది కరిగి ఉబ్బుతుంది, ఉబ్బి ఒక పుల్లను తోస్తుంది, కవాటం తెరుచుకుంటుంది. 1930లలో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఏర్పాటిది, ఇప్పటికీ చాలా కార్లలో ఉన్నది ఇదే సూత్రం. దాని మీద 82 అనో 88 అనో అచ్చుకొట్టి ఉంటుంది. అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి మాత్రమే. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు పడుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, ఆ మైనం కరగాలంటే దాని చుట్టూ వేడి ద్రవం ఉండాలి. గాలి ఉంటే పని జరగదు.

ఇక అసలు దొంగ దగ్గరికి వద్దాం. గాలి.

నా సొంత బండి సంగతి చెబుతాను. పని నేర్చుకుంటున్న కొత్తలో నా కారుకి నేనే కూలెంట్ మార్చాను. రేడియేటర్ గొంతు దాకా నింపాను, మూత బిగించాను, బయల్దేరాను. పావుగంటకల్లా ముల్లు పైకి. కూలెంట్ వేడితోనే పనిచేసే హీటర్ తిప్పితే చల్లగాలి. థర్మోస్టాట్ పోయిందని తీర్మానించి కొత్తది తెచ్చాను. అది వెయ్యాలంటే కూలెంట్ మళ్లీ దించాలి. దించాను, వేశాను, నింపాను. మళ్లీ అదే కథ. ఇక వాటర్ పంపే అయ్యుంటుందని దాని మీద పడబోతుంటే నాకు పని నేర్పిన పెద్దాయన వచ్చారు. పనిముట్టు ఏదీ పట్టుకోలేదు. రేడియేటర్ పై పైపును రెండు వేళ్లతో నొక్కి వదిలారు. ఖాళీ సీసాలా మెత్తగా నొక్కుకుపోయి, లోపల గుడగుడమంది.

"ఎంత దించావురా?" అన్నారు.

"అయిదు లీటర్లు."

"ఎంత పోశావు?"

నాకప్పుడు వెలిగింది. డబ్బా చూస్తే పోసింది మూడున్నర. మరి ఆ లీటరున్నర చోటులో ఏముంది? ఆయన ఇంకేమీ అనలేదు, టీ తాగడానికి వెళ్లిపోయారు. అప్పటినుంచి దించిన కూలెంట్‌ను కొలిచే పాత్రలో పట్టి చూడకుండా నేను కొత్తది పొయ్యలేదు. ఖర్చులేని పరీక్ష ఇది. దించినంత తిరిగి పట్టకపోతే గాలి ఉన్నట్టే.

గాలి ఎందుకు అంత చేటు చేస్తుందంటే, గాలి గుండా వేడి పాకడం నీటి గుండా పాకేదాంట్లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ బుడగ పోయి ఇంజిన్ హెడ్ పైభాగంలోనో, హీటర్ గొట్టాల్లోనో, థర్మోస్టాట్ వెనకో, ఎక్కడ ఎత్తుంటే అక్కడ కూర్చుంటుంది. థర్మోస్టాట్ వెనక కూర్చుంటే, ఇందాక చెప్పిన మైనానికి వేడి ఆలస్యంగా అందుతుంది. ఇంజిన్ కాగిపోతుంటుంది, తలుపు తెరుచుకోదు. తెరుచుకున్నాక ఒక్కసారిగా చల్లటి కూలెంట్ దూసుకొస్తుంది. అందుకే ముల్లు గబుక్కున ఎక్కి, టపుక్కున దిగుతుంది. ఈ ఊగిసలాట కనిపిస్తే గాలి మీదే నా పందెం. కొన్ని థర్మోస్టాట్ల అంచున చిన్న రంధ్రంలో వేలాడే పిన్ను ఉంటుంది. అది గాలి తప్పించుకునే దారి. బిగించేటప్పుడు దాన్ని పైవైపు ఉంచాలి. కిందికి పెట్టి బిగించేసినవాళ్లని చూశాను.

అన్నిటికంటే ప్రమాదం బుడగ సెన్సర్ చుట్టూ చేరినప్పుడు. సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. పొడిగా ఉంటే హెడ్ కాలిపోతున్నా ముల్లు నింపాదిగా కింద ఉండొచ్చు. కాబట్టి ముల్లు బాగానే ఉంది కానీ హీటర్ చల్లగాలి కొడుతోంది అంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆగి ఉన్నప్పుడు చల్లగా, ఎక్సలరేటర్ నొక్కితే వెచ్చగా వస్తున్నా, డాష్‌బోర్డు వెనక నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తున్నా అదే జాతి లక్షణం.

గాలి తియ్యడాన్ని షెడ్డుల్లో బ్లీడింగ్ అంటారు. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యడం అనే ఆలోచనే వద్దు, ఆవిరి ముఖాన కొడుతుంది. కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపితే నింపే గొంతే అన్నిటికంటే పైన ఉంటుంది, గాలికి అటువైపు దారి దొరుకుతుంది. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పండి. మీ ఇంజిన్‌కు బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగల్లేకుండా కూలెంట్ ధార వచ్చాక బిగించండి. గొంతుకు సరిపడే గరాటు పెట్టి, అందులో కొంత కూలెంట్ నిలిచేలా ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో వదిలేయండి. మధ్యమధ్యలో పై పైపును నొక్కుతూ ఉండండి. బుడగలు బుడుంగు బుడుంగుమని వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకోగానే గరాటులో మట్టం ఒక్కసారి దిగిపోతుంది, పోస్తూ ఉండండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగి, బుడగలు రావడం మానేదాకా తొందరపడొద్దు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద ట్యాంక్‌లో మట్టం కాస్త తగ్గి ఉంటే కంగారు వద్దు. మిగిలిన బుడగ తోవ వెతుక్కుంది, అంతే. గీత దాకా నింపండి. వారం తర్వాత కూడా తగ్గుతూనే ఉంటే అది వేరే కథ, లీకు వెతకాలి.

రెండో అనుమానం కలపడంలో పొరపాటు. కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదని చాలామంది నమ్మకం. తప్పు. వేడిని మోసేది ప్రధానంగా నీళ్లే. కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ గడ్డకట్టకుండా, తొందరగా మరగకుండా చూస్తుంది, అందులో కలిపిన మందులు తుప్పు పట్టనివ్వవు. సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు, మూతలో ఒక బార్ ఒత్తిడి నిలిస్తే 129 డిగ్రీల దగ్గర్లో గానీ మరగదు.

లెక్క చూడండి. మీ ఇంజిన్‌లో మొత్తం ఏడు లీటర్లు పడుతుందనుకుందాం. కింద ప్లగ్గు విప్పితే నాలుగే దిగుతాయి, మూడు బ్లాకులోనూ హీటర్లోనూ ఉండిపోతాయి. ఆ మూడూ పాత సగం సగం కూలెంటే అయితే అందులో గ్లైకాల్ లీటరున్నర. పైన మీరు నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ నాలుగు లీటర్లు పోశారు. ఏడింట అయిదున్నర, అంటే దాదాపు 79 శాతం. పాయసంలా అయిందది. వేడి తక్కువ మోస్తుంది, ముల్లు పైకెక్కుతుంది. ఇప్పుడు తిరగేసి చూడండి. నీళ్లతో బాగా కడిగారు, లోపల మూడు లీటర్ల మామూలు నీళ్లు మిగిలాయి. పైన కలిపి అమ్మే సగం సగం కూలెంట్ నాలుగు లీటర్లు పోశారు. గ్లైకాల్ ఏడింట రెండు, 29 శాతం కూడా లేదు. ఇది వేడి బాగానే మోస్తుంది, కానీ తొందరగా మరుగుతుంది, తుప్పును ఆపలేదు. ఆ రెండో సందర్భంలో పొయ్యాల్సింది మూడున్నర లీటర్ల చిక్కటి కూలెంట్, అర లీటరు డిస్టిల్డ్ వాటర్. గ్లైకాల్ ఎంత ఉందో చూపే రిఫ్రాక్టోమీటర్ ఉంటే ఒక చుక్కతో తేలిపోతుంది. రంగు చూసి మాత్రం ఏదీ తేల్చకండి, రంగులకు అందరూ పాటించే ప్రమాణమేదీ లేదు. మీ కారు పుస్తకంలో రాసిన రకమే పొయ్యండి.

మిగతావి గబగబా. ఫ్యాన్ కనెక్టర్ తీసి మళ్లీ పెట్టడం మర్చిపోయారేమో చూడండి. రోడ్డు మీద చల్లగా ఉండి, ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కుతుంటే ముందు చూడాల్సింది అదే. మూత రబ్బరు చిట్లితే ఒత్తిడి నిలవదు, మరిగే స్థాయి పడిపోతుంది. ఎన్నో ఏళ్లుగా కదిలించని రేడియేటర్‌ను ఘాటు మందుతో కడిగితే, గోడలకు అంటుకున్న మడ్డి ఊడి సన్నటి గొట్టాల్లో ఇరుక్కోవచ్చు. అప్పుడు బాగా వేగంగా వెళ్లేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వేడి పెరుగుతుంది. ఇది నిజంగా పార్టు తప్పే, కానీ ఆ మడ్డిని నిద్రలేపింది కడగడమే.

ఎంత బ్లీడ్ చేసినా బుడగలు ఆగవు, కూలెంట్ తగ్గిపోతూ ఉంటుంది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషాల్లోనే పైపు రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించండి. ట్యాంక్ మూతి దగ్గర నీలి ద్రవం ఉన్న గొట్టం పెట్టి చూస్తారు. మండిన వాయువు తగిలితే పసుపు రంగుకు మారుతుంది. ఇలాంటప్పుడు కూడా కూలెంట్ మార్చడాన్ని తిట్టకండి. చాలాసార్లు ఆ సమస్య ముందే ఉంటుంది, మట్టం తగ్గుతోందనే కదా మార్పించారు!

దించిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి. గిన్నెలో వదిలెయ్యకుండా మూతపెట్టండి.

బయట ఒక కారు నిలబెట్టి ఉంచాం. పొద్దుటినుంచి చల్లారింది, నిన్న రాత్రే కావాలని లీటరు కూలెంట్ తక్కువ పోశాను. ఒక్కొక్కరూ వచ్చి ముందు పై పైపు నొక్కి చూడండి. తర్వాత గరాటు పెడదాం.